డిపార్ట్‌మెంటు వెనక అరెకరం, చేతిలో 60 వేలు, 500 మొక్కల ప్రతిపాదన: ఏది ముందు?

తంగేడుపువ్వు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం జిల్లాలో ఒక యూనివర్సిటీ లైఫ్ సైన్సెస్ డిపార్ట్‌మెంటు గురించి అడుగుతున్నాను. రెండంతస్తుల భవనం, శ్లాబు 400 చదరపు మీటర్లు. 6 క్లాసు రూములు, 3 ల్యాబులు, 180 మంది విద్యార్థులు. వెనక అరెకరం ఖాళీ స్థలం. ఒక మూల పల్లం, వానాకాలం నీరు నిలుస్తుంది. మిగతాది గడ్డి, తుప్పలు, 4 తాటిచెట్లు, ఒక పెద్ద నిద్రగన్నేరు. ప్రహరీ పొడుగునా కోనోకార్పస్. పర్యావరణం పద్దు కింద 60 వేలు వచ్చాయి, మార్చి 31 లోపల ఖర్చు చూపాలి. పైనుంచి వచ్చిన ఆలోచన: జేసీబీతో వెనకంతా చదును చేసి, పల్లం పూడ్చి, 500 మొక్కలు నాటడం. దీనికి బదులుగా ఏం చేయొచ్చో లెక్కలతో చెప్పండి. మీటింగులో పెట్టాలి.

పొన్నచెట్టు

ముందు 500 సంగతి తేల్చేద్దాం. అరెకరం అంటే 2,023 చదరపు మీటర్లు. మొక్కకీ మొక్కకీ 3 మీటర్లు వదిలితే ఒక్కోదానికి 9 చ.మీ. కావాలి. అంటే 225 పడతాయి. అదీ పల్లం, దారి, ఉన్న చెట్ల నీడ ఏదీ తీసేయకుండా. మద్ది, నేరేడు, చింత లాంటి పెద్ద జాతులకి 6 మీటర్లు తక్కువే. ఆ లెక్కన 56. కాబట్టి 500 అనే అంకె ఆ స్థలంలో పట్టదు, ఫొటోలో పడుతుంది.

రెండో లెక్క నీళ్లది. మొదటి వేసవి మొక్కకి వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 10 లీటర్లు. 500 మొక్కలకి వారానికి 10,000 లీటర్లు, 60 మొక్కలకి 1,200. ఏప్రిల్, మే నెలల్లో ఆ 10,000 ఎవరు మోస్తారో రాసివ్వమని మీటింగులో అడగండి.

మూడోది, డబ్బు మార్చిలో అయిపోవాలి, నాటేది జూన్ చివర్లో తొలకరి పడ్డాక. మార్చిలో మొక్కలు కొంటే మూడు నెలలు కవర్లలో ఉండి వేర్లు చుట్టలు చుట్టుకుంటాయి. అలాంటి మొక్క నాటినా తుఫానుకి నిలవదు. అందుకని ఈ డబ్బుతో పనిముట్లు, పైపులు, మెష్, మీటర్లు కొనండి. గోతులు తీయించండి. మొక్కలు జూన్‌లో సోషల్ ఫారెస్ట్రీ నర్సరీ నుంచి తక్కువలో తెచ్చుకోవచ్చు.

గత్తంబండి

జేసీబీ ఎందుకండీ బాబూ. పైమట్టి అంతా ఒక మూలకి తోసీడమే అది సేసే పని. మిగిలిన గట్టి నేలలో గునపం దిగదు. మొక్క ఎక్కడ బతుకుతాది మరి?

గెడ్డఒడ్డు

పల్లం గురించి. అది పూడ్చడమంటే ఉన్న ఇంకుడు చెరువుని మూసేసి, తర్వాత ఇంకుడు గుంతకి ఎస్టిమేటు వేయడం లాంటిది.

మన జిల్లాలో వాన ఏడాదికి సుమారు 1,100 మి.మీ. ఒక చదరపు మీటరు మీద ఒక మి.మీ. పడితే ఒక లీటరు. 400 చ.మీ. శ్లాబు, ఆవిరికీ చిందులకీ 20 శాతం పోయిందనుకున్నా 3,52,000 లీటర్లు. ఆశ పుట్టించే అంకె. కానీ 5,000 లీటర్ల ట్యాంకు పెడితే 16 మి.మీ. వానకే నిండిపోతుంది. ఆగస్టులో అలాంటి వాన గంటలో పడుతుంది, మర్నాడు ట్యాంకు ఖాళీ చేసే అవసరమే ఉండదు. అందుకే మన దగ్గర ట్యాంకు కంటే పల్లమే పెద్ద ఆస్తి. శ్లాబు నీళ్ల గొట్టాలని 4 అంగుళాల పీవీసీతో పల్లం వైపు తిప్పండి.

చేసే ముందు నేల తాగుతుందో లేదో చూడాలి. 30 సెం.మీ. గొయ్యి తీసి రాత్రి నీళ్లు నింపి వదిలేయండి. పొద్దున్న మళ్లీ నింపి స్కేలు పెట్టి గంటకి ఎన్ని సెం.మీ. దిగిందో చూడండి. సెంటీమీటరు కూడా దిగకపోతే అది బంకమట్టి, అక్కడ ఇంకుడు గుంత డబ్బు దండగ. కానీ నీటికుంటకి అదే మంచి చోటు. 3 సెం.మీ. పైన దిగితే 2 మీటర్ల గుంత తీసి అడుగున బోల్డర్లు, మీద 40 మి.మీ. కంకర, పైన ముతక ఇసుక. ఇసుక పై పొర 5 సెం.మీ. ఏటా మేలో తీసి కడగాలి. ఆ పని మర్చిపోయిన గుంతలు రెండో ఏటికే చెప్పు కింద సిమెంటులా గట్టిపడతాయి.

మొదటి వాన నీటిలో పావురాల రెట్ట, దుమ్ము ఉంటాయి. మొదటి ఒక మి.మీ., అంటే 400 లీటర్లు, పక్కకి వదిలే వాల్వు పెట్టండి. ఇంకొకటి, ల్యాబు సింకుల గొట్టం పొరపాటున కూడా ఈ లైనులో కలవకూడదు. పాత భవనాల్లో రెండూ ఒకే చాంబర్లో కలిసి ఉండటం మామూలే. సింకులో రంగునీళ్లు పోసి ఎక్కడ తేలుతుందో చూడండి.

బొబ్బిలికోట

గెడ్డఒడ్డు గారూ, చదవడానికి బాగుంది. కానీ నీళ్లు నిలబెడితే దోమలు, తుప్పలు ఉంచితే పాములు. స్వీపరమ్మలు ఆ వైపు వెళ్లమంటారు. డెంగీ వస్తే ఎవరిది బాధ్యత?

గెడ్డఒడ్డు

న్యాయమైన ప్రశ్న. డెంగీ దోమ చెరువులో కంటే కూలర్ ట్రేలో, పగిలిన కుండీలో, మేడ మీద పడేసిన ప్లాస్టిక్ డబ్బాలో ఎక్కువ పెరుగుతుంది. గుడ్డు దోమ కావడానికి మన వేడిలో 7 నుంచి 10 రోజులు. వారానికోసారి శ్లాబు మూలలు, ఏసీ ట్రేలు, కుండీల పళ్లేలు వంచేస్తే సగం పైన పని అయిపోయినట్టే.

కుంటలో పరిగెలు, అలాంటి చిన్న ఊరి చేపలు 30, 40 వేయండి. పిల్ల దోమల్ని అవే తింటాయి. గంబూసియా మాత్రం వద్దు. దోమల నివారణ పేరుతో దేశమంతా వదిలారు గానీ అది కప్పపిల్లల్నీ మన చేపల గుడ్లనీ తింటుంది. గప్పీలూ బయటివే. గట్టు నిటారుగా కాకుండా మూడడుగులకి ఒక అడుగు దిగేలా ఉంటే కప్పలకీ మంచిది, జారిన మనిషికీ మంచిది. నడిమధ్య లోతు 90 సెం.మీ. దాటనివ్వకండి. అంచున తుంగ, సరస్వతాకు, నీటిలో కలువ. గుర్రపుడెక్క ఒక్క కాడ కూడా రానివ్వకండి, ఒకసారి వస్తే పీకడమే ఉద్యోగం అవుతుంది.

పాములకి: భవనం చుట్టూ 3 మీటర్లు గడ్డి పొట్టిగా కోయాలి. పాత బెంచీలు, ఇటుకలు గోడకి ఆనించి పెట్టకూడదు. అసలు పాము ఎలుక కోసం వస్తుంది, ఎలుక క్యాంటీన్ మెతుకుల కోసం వస్తుంది. ఆ మెతుకుల డబ్బాకి మూత కొనండి. తుప్పల్లో పని చేసేవాళ్లకి మోకాలి వరకు గమ్ బూట్లు, పొడుగు కర్ర. రెండు జతలు ఈ 60 వేలల్లోనే కొనండి, ఇది విలాసం కాదు.

ఎర్రముక్కుతీతువు

నాటే ముందు ఉన్నది రాసిపెట్టుకోండి. ఇది పర్యావరణ డిపార్ట్‌మెంట్లే చేయవు, విచిత్రం.

చెట్లు: నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో చుట్టుకొలత. 30 సెం.మీ. దాటిన ప్రతిదానికీ నంబరు. రేకు బిళ్ల మేకుతో కొట్టకుండా వదులుగా తాడుతో కట్టాలి, ఏటా తాడు మార్చాలి.

గడ్డి, చిన్న మొక్కలు: మీటరు చదరం చట్రం 10 చోట్ల. ఆగస్టులో ఒకసారి, జనవరిలో ఒకసారి. ఒకే కాలంలో చేస్తే సగం జాతులు కనిపించవు.

పక్షులు: 3 స్థిరమైన చోట్లు, ఒక్కో చోట 15 నిమిషాలు, పొద్దున్న ఆరున్నరకీ ఎనిమిదికీ మధ్య, నెలకి రెండుసార్లు. ఈబర్డ్ అనే పక్షుల నమోదు వెబ్‌సైటులో ఎక్కిస్తే పిల్లలు మారినా లెక్క మారదు. ఫిబ్రవరిలో జరిగే క్యాంపస్ బర్డ్ కౌంట్‌లో ఇదే కలుస్తుంది. సీతాకోకచిలుకలు ఎండెక్కాక, తొమ్మిదిన్నర నుంచి పదకొండు.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, ఫోన్ యాప్ ఏ పేరు చెబితే ఆ పేరు రాసేస్తారు. తెలియకపోతే "తెలియదు" అని రాసి ఫొటో నంబరు పెట్టండి. వంద తప్పుడు పేర్ల కంటే ముప్పై సరైన పేర్లు నయం.

తాటిచెట్లు తీయకండి. గిజిగాడి గూళ్లు, తాటి మీదే కాపురముండే చిన్న వానకోవెలలు వాటికే వస్తాయి. మోడు తాటి ఇంకా విలువైనది, చిలకలకీ పైడికంటెలకీ తొర్ర అదే. మీద పడే దూరంలో దారి లేకపోతే అలాగే ఉంచండి.

గత్తంబండి

తీతువు అరిస్తే అశుభం అంటారు కదేటి. అందుకే ఆ వెనక్కి ఎవరూ పోరు. అదే మేలు సేసింది ఆ పిట్టకి.

బీకరుబ్రష్షు

వెనక స్థలం గురించే మాట్లాడుతున్నారు. డిపార్ట్‌మెంటు అసలు పాడు చేసేది లోపల, ల్యాబులో. అక్కడ చూడండి.

డిస్టిల్డ్ వాటర్ స్టిల్, అంటే నీటిని మరిగించి ఆవిరిని చల్లబరిచి శుద్ధి చేసే పరికరం. గంటకి 4 లీటర్లు ఇచ్చేదానికి 3 కిలోవాట్ల హీటరు ఉంటుంది. కండెన్సరుకి నిమిషానికి లీటరు వదిలినా గంటకి 60 లీటర్ల మంచినీరు సింకులోకి. నాలుగు లీటర్ల కోసం అరవై. బకెట్టు, సెల్‌ఫోను గడియారం పెట్టి మీది ఎంతో కొలవండి, చాలా చోట్ల రెట్టింపు ఉంటుంది. ఆ నీటిలో మందేమీ కలవదు, వేడెక్కుతుందంతే. రెండు దారులున్నాయి.

ఒకటి, గొట్టం కిటికీ బయటికి తీసి 500 లీటర్ల డ్రమ్ములోకి. చల్లారాక మొక్కలకి.

రెండు, 200 లీటర్ల డ్రమ్ము, చిన్న పంపు పెట్టి అదే నీటిని తిప్పడం. ఇక్కడ లెక్క చూసుకోవాలి. 3 కిలోవాట్ల వేడి దాదాపు అంతా ఆ నీటిలోకే వస్తుంది కనుక డ్రమ్ము గంటకి సుమారు 12, 13 డిగ్రీలు ఎక్కుతుంది. 28 దగ్గర మొదలైతే రెండు గంటలకి 53. అక్కడికి ఆవిరి సరిగా చల్లబడదు, దిగుబడి పడిపోతుంది. రెండు గంటలకి ఆపాలి లేదా నీరు మార్చాలి. పంపు ఆగితే హీటరు కూడా ఆగేలా ఫ్లో స్విచ్ తప్పనిసరి. అది లేకపోతే ఎలిమెంటు కాలిపోవడం, గాజు పగలడం ఖాయం.

డీప్ ఫ్రీజర్. మైనస్ 80 పెట్టె రోజుకి 15 నుంచి 20 యూనిట్లు తాగుతుంది. చాలా నమూనాలకి మైనస్ 70 చాలు, దాంతో విద్యుత్తు సుమారు 30 శాతం తగ్గుతుంది. లోపల ఎవరివో తెలియని డబ్బాలు సగం ఉంటాయి. పేరు, తేదీ లేని డబ్బాకి నెల గడువు నోటీసు పెట్టి తీసేయండి. తలుపు రబ్బరు సందులో పాత రశీదు పెట్టి లాగండి, సులువుగా వచ్చేస్తే రబ్బరు మార్చాలి.

రసాయనాలు. సీఓడీ పరీక్షలో (నీటిలో కాలుష్యం కొలిచేది) డైక్రోమేట్, మెర్క్యురిక్ సల్ఫేట్, సిల్వర్ సల్ఫేట్ మూడూ ఉంటాయి. అది సింకులో పోసేది కాదు. 20 మి.లీ. నమూనాతో చేసే రిఫ్లక్స్ బదులు 2.5 మి.లీ. మూత గొట్టాల పద్ధతికి మారితే విషం ఎనిమిదో వంతుకి దిగుతుంది. టైట్రేషన్లు 50 మి.లీ. బ్యూరెట్ నుంచి 10 మి.లీ.కి మార్చండి. పిల్లల చేయి కూడా కుదురుతుంది.

వ్యర్థాల క్యాన్లు కనీసం నాలుగు: క్లోరోఫాం లాంటి హాలోజన్ ద్రావకాలకి ఒకటి; ఎసిటోన్, ఆల్కహాల్, జైలీన్ లాంటివాటికి ఒకటి; భారలోహాల నీళ్లకి ఒకటి; ఫార్మాలిన్‌కి ఒకటి. ముప్పాతిక దాటి నింపొద్దు. మీద పేరు, మొదలెట్టిన తేదీ. నైట్రిక్ ఆమ్లాన్ని ద్రావకాల క్యాన్లో పోస్తే గంట తర్వాతైనా పేలొచ్చు, అప్పుడు పక్కన ఎవరున్నారన్నదే ప్రశ్న. తాగునీళ్ల సీసాల్లో ఏ రసాయనమూ పోయకూడదు. విడిగా ఉంచినవి ఏడాదికోసారి పరవాడ ఫార్మా సిటీలోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి వెళ్లేలా యూనివర్సిటీ స్థాయిలో ఒప్పందం కావాలి. ఒక్క డిపార్ట్‌మెంటుకి లారీ ఖర్చు గిట్టదు, కెమిస్ట్రీ వాళ్లని కలుపుకోండి.

ఎర్రముక్కుతీతువు

దీనికి ఒకటి కలపండి. 180 మంది పిల్లలు తలా 20 పురుగులు పట్టి పెట్టెలో గుచ్చితే 3,600. హెర్బేరియానికి (ఎండబెట్టి అతికించే మొక్కల సేకరణ) తలా 25 మొక్కలంటే 4,500. జీవవైవిధ్యం పేపరుకి మార్కుల కోసం జీవాలు. ఫొటో, చోటు, తేదీ, ఆశ్రయమిచ్చిన మొక్క పేరు ఉన్న రికార్డుకి అవే మార్కులు ఇవ్వండి. హెర్బేరియం బృందానికి ఒకటి చాలు. ఈ మార్పుకి పైసా అక్కర్లేదు, బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఒక తీర్మానం కావాలి.

ఫేజున్యూట్రల్

కరెంటు. పాత ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాను 30. భవనంలో 48 ఫ్యాన్లున్నాయనుకుంటే తేడా 2.16 కిలోవాట్లు. రోజుకి 6 గంటలు, ఏడాదికి 220 రోజులు అంటే సుమారు 2,850 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకుంటే 22,800. ఫ్యాను 3,000 చొప్పున 48కి 1,44,000. డబ్బు తిరిగి రావడానికి ఆరేళ్లు దాటుతుంది. అందుకే అన్నీ ఒకేసారి మార్చమని చెప్పను. రోజంతా తిరిగే ఆఫీసు, స్టాఫ్ రూములు, ల్యాబుల్లో ముందు ఒక 8 మార్చండి. మిగతావి పాడైనప్పుడు మార్చండి. పాత రెగ్యులేటరు తీసేయాలి. అది వదిలేసి బిగిస్తే ఫ్యాను గురగురలాడుతుంది, సర్క్యూట్ త్వరగా పోతుంది, నిందేమో ఫ్యాను మీద పడుతుంది.

ఏసీ డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం ఆదా. 2020 జనవరి నుంచి కొత్త రూం ఏసీలు 24 మీద మొదలయ్యేలా నియమం ఉంది, రిమోటుతో 18కి దించేది మనమే.

అన్నిటికంటే ముందు డిపార్ట్‌మెంటు లైనుకి సబ్ మీటరు. కొలత లేకుండా ఆదా అన్న మాటకి అర్థం లేదు. ఆదివారం ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి రీడింగ్ తీయండి. భవనంలో ఎవరూ లేనప్పుడు ఎంత తిరుగుతుందో అదే మీ దొంగ. ఎక్కువ సార్లు వాటర్ కూలర్, యూపీఎస్, మరిచిపోయిన ఇంక్యుబేటర్.

బొబ్బిలికోట

సోలార్ ఎవరూ అనలేదేం?

ఫేజున్యూట్రల్

కిలోవాట్‌కి 10 చ.మీ. చోటు, రోజుకి 4 యూనిట్లు. 60 వేలకి ఆ బేరం కుదరదు. కుదిరినా స్టాండ్ల సంగతి ముందు చూడండి. తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకి 140, 150 కి.మీ. విశాఖ తీరానికి భవనాల కోడ్‌లో లెక్కగట్టే గాలి సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కి.మీ. శ్లాబు మీద ఇటుకలు బరువుపెట్టి నిలిపే స్టాండ్లు ఈ తీరానికి పనికిరావు. కొటేషన్‌లో గాలి వేగం రాయని కంపెనీని పక్కన పెట్టండి.

పొన్నచెట్టు

తుఫాను మాట వచ్చింది కాబట్టి జాతుల సంగతి. గాలికి ముందు పడేవి తురాయి, పచ్చతురాయి లాంటి పైపై వేర్లు, పెళుసు కొమ్మలవి. నాటడానికి నా జాబితా: కానుగ, పొగడ, పొన్న, నేరేడు, గంగరావి, రేల, మోదుగ, పల్లం అంచున తెల్లమద్ది. మర్రి, రావి, మేడి వీటిలో ఏదో ఒక్కటి, భవనానికి 15 మీటర్ల దూరంలో. పక్షులకి మిగతా పాతిక కలిపి చేసే పని ఆ ఒక్కటే చేస్తుంది.

సీతాకోకచిలుకలకి పూలమొక్కలు కొనడం కాదు, గొంగళి తినే ఆకు కావాలి. కరివేపాకు, నిమ్మ, జిల్లేడు, గన్నేరు, నరమామిడి, ఈశ్వరి తీగ. లాంటానా మీద సీతాకోకలు వాలతాయి నిజమే, కానీ రెండేళ్లలో ఆ అరెకరం దానిదే అవుతుంది.

గొయ్యి 60 సెం.మీ. ఘనం, వేసవిలోనే తీసి ఎండబెట్టాలి. పైమట్టి ఒక పక్క, కింది మట్టి ఒక పక్క. పైమట్టిలో మూడో వంతు మాగిన గత్తం (పశువుల ఎరువు) కలిపి అడుగున వేయాలి. కర్రకి ఎనిమిది ఆకారంలో వదులుగా కట్టాలి, ఏడాది తర్వాత విప్పాలి. విప్పకపోతే బెరడు కోసుకుపోయి సరిగ్గా అక్కడే విరుగుతుంది. సెప్టెంబరులో బరువైన పక్క కొమ్మలు తగ్గించండి, అక్టోబరు గాలులకి ముందే.

మియావాకీ (ఒత్తుగా నాటి చిట్టడవి పెంచే పద్ధతి) అని ఎవరో ఒకరు అంటారు మీటింగులో. చ.మీ.కి 3, 4 మొక్కలు, మీటరు లోతు తవ్వకం. ఇంత డబ్బుకి చిన్న ముక్కే వస్తుంది. పైగా గడ్డి, తుప్ప ఉన్న చోటు ఖాళీ కాదు. అక్కడ నేల మీద గుడ్లుపెట్టే పిట్టలకి చిట్టడవి అక్కరకు రాదు.

ఉద్దానంనీడ

ప్రహరీ కోనోకార్పస్ ఒకేసారి నరికేయకండి. అది ఏడాదంతా పచ్చగా ఉంటుంది గానీ మన పిట్టలకీ పురుగులకీ తిండి పెట్టదు, వేర్లు నీటి గొట్టాల్లోకి పోతాయి. ఐనా ఒక్కరోజులో తీస్తే దుమ్ము, ఎండ అన్నీ లోపలికి. మొదటి ఏడు ఒకటి విడిచి ఒకటి తీసి, సందుల్లో వావిలి, గోరింట, అడ్డసరం, నిమ్మ పెట్టండి. అవి నడుమెత్తు వచ్చాక మిగతావి. చెట్లు కొట్టడానికి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి అడగాలి. యూనివర్సిటీ స్థలమే కదా అని వదిలేయకండి.

వయ్యారిభామ ఉంటే పూత రాకముందే, వాన పడ్డ మర్నాడు, గ్లోవ్స్ వేసుకుని వేరుతో సహా పీకాలి. పూసినది కంపోస్టులో వేయొద్దు. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది.

గత్తంబండి

నిద్రగన్నేరు ఆకు ఏటి సేత్తన్నారు? కాలుత్తన్నారా?

తంగేడుపువ్వు

అదే జరుగుతోంది. ఊడ్చి ప్రహరీ దగ్గర తగలబెడతారు. పొగ క్లాసుల్లోకి వస్తోంది.

ఉద్దానంనీడ

బహిరంగంగా చెత్త కాల్చడాన్ని గ్రీన్ ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే నిషేధించింది, 5,000 జరిమానా, ఎక్కువ మోతాదైతే 25,000. ఆ కాగితం స్వీపరమ్మకి కాదు, కాంట్రాక్టరుకి చూపించండి. ఆమెకి ఆకు పోసే చోటు చూపించండి.

చోటు ఇలా: 4 అడుగుల ఎత్తు వెల్డ్ మెష్ 3.8 మీటర్లు కోసి చుట్టి కడితే 1.2 మీటర్ల వ్యాసం తొట్టి. ఇలాంటివి మూడు. 15, 20 సెం.మీ. మందం ఆకు, దాని మీద 20 లీటర్ల నీళ్లలో 10 కిలోల పచ్చి పేడ కలిపి చల్లడం, మళ్లీ ఆకు. క్యాంటీన్ కూరగాయ తొక్కలు మధ్యలో దాచండి, పైన వేయొద్దు. ఎండాకులో కార్బన్ ఎక్కువ, నత్రజని తక్కువ. 30కి 1 పాళ్లకి తేవడానికే ఈ పేడ, తొక్కలు. పిడికెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కడితే తడి ఎక్కువ, ఏమీ రాకపోతే ఆ కుప్ప పొడిగా అలాగే ఏడాది పడి ఉంటుంది. లోపల 55 డిగ్రీలు దాటాలి, గునపం గుచ్చి పావుగంట ఉంచి పట్టుకుంటే చేయి చురుక్కుమనాలి. 15 రోజులకోసారి తిరగేయాలి. మూడు, నాలుగు నెలలు.

ఘాటు వాసన వస్తే నత్రజని ఎక్కువ, ఎండాకు కలపాలి. కుళ్లు గుడ్ల వాసన వస్తే నీరు ఎక్కువ, గాలి లేదు, తిరగేయాలి. బాదం, టేకు ఆకు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పడి నీళ్లు దిగనివ్వవు, తొక్కి నలిపి వేయాలి. సరుగుడు, నీలగిరి ఆకు ఇందులో కలపకుండా దారుల మీద పరచండి. వానాకాలం పైన తాటికమ్మలు కప్పండి. ప్లాస్టిక్ పట్టా కప్పితే ఉడికిపోతుంది.

మన ప్రాంతానికి ఒక ముఖ్యమైన జాగ్రత్త. పేడ కుప్పలో, ఆకు కుప్పలో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. బొటనవేలంత తెల్లటి పిల్లపురుగులు కనబడితే అవే. పెద్దయ్యాక కొబ్బరి మొవ్వు తొలుస్తాయి. చుట్టుపక్కల కొబ్బరి తోటలుంటే కదపకుండా ఆరునెలలు వదిలేసిన కంపోస్టు ఊరికి చేటు. తిరగేసినప్పుడల్లా ఏరి కోళ్లకి వేయండి.

గత్తంబండి

కోళ్లు లేకపోతే కాకులకి ఒగ్గీయండి. అవే సూసుకుంటాయి.

బొబ్బిలికోట

సరే, ఒప్పుకుంటున్నాను. కానీ యూనివర్సిటీల నాణ్యత చూడ్డానికి వచ్చే న్యాక్ వాళ్లకి ఏం చూపిస్తారు? పల్లం, తుప్పలు, ఆకు తొట్టి చూపిస్తే శుభ్రంగా లేదంటారు.

ఎర్రముక్కుతీతువు

చుట్టూ సన్నటి నడకదారి, ఒక బోర్డు. "ఇది వదిలేసిన చోటు కాదు, వదిలి ఉంచిన చోటు. 14 నెలల్లో నమోదైన జాతులు ఇన్ని" అని అంకె మార్చేలా సుద్ద పలక. అంచు చక్కగా కోసి ఉంటే లోపల ఎంత పిచ్చిగా ఉన్నా జనం ఒప్పుకుంటారు. గ్రీన్ ఆడిట్‌కి సబ్ మీటరు పుస్తకం, పక్షుల జాబితా, చెట్ల కొలతలు ఉంటే మొక్క పట్టుకున్న ఫొటోల అవసరం రాదు. ఆ బోర్డు రేకు మీద పెయింటుతో రాయించండి, ఫ్లెక్సీ పెట్టి పర్యావరణం అనకండి.

తంగేడుపువ్వు

చాలా స్పష్టత వచ్చింది. స్టిల్ నీళ్లు మొక్కలకి అన్నారు కదా. వారానికి 4 రోజులు, 3 గంటలు నడుస్తుంది, అంటే 720 లీటర్లు. 60 మొక్కల 1,200లో సగం పైనే. మిగతాది ట్యాంకు నుంచి పోస్తే సరిపోతుందా?

పొన్నచెట్టు

లెక్క బాగుంది, నెల తప్పింది. మేలో ల్యాబు మూసి ఉంటుంది, స్టిల్ నడవదు. నీళ్లు కావలసింది అప్పుడే.

మేకి దారి: మొక్క పక్కన 5 లీటర్ల కాల్చిన మట్టికుండ మెడ వరకు పాతి, మూత పెట్టడం. నాలుగు రోజులకోసారి నింపితే చాలు, ఆవిరి పోదు. రంగు పూసిన, నున్నగా మెరిసే కుండలు పనికిరావు, నీరు ఊరదు. బోరు నీటిలో ఉప్పు ఎక్కువైతే రెండు, మూడేళ్లకి రంధ్రాలు మూసుకుపోతాయి. అప్పటికి మొక్క నిలదొక్కుకుంటుంది కాబట్టి నష్టం లేదు. పాదులో 8 సెం.మీ. ఆకు పరచండి, కాండానికి జానెడు దూరం వదలండి, లేకపోతే చెదలు ఎక్కుతుంది.

మనుషుల దారి: ఫైనలియర్ పిల్లలకి పేర్లు రాసిస్తే ఏప్రిల్‌తో అయిపోతుంది. మొదటి ఏడాది వాళ్లలో చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ఆరుగురిని చూసి, సెలవుల్లో వారానికి రెండు పూటలకి ఎన్‌ఎస్‌ఎస్ గంటలు వేయండి. 60 మొక్కలూ ఒకేసారి కాకుండా ఈ ఏడు 25, వచ్చే ఏడు 35 పెట్టినా తప్పు లేదు.

గత్తంబండి

పంపు గది తాళం ఎవరి దగ్గరుంటాదో అది సెప్పండి ముందు. సెలవుల్లో తాళం ఉన్న మనిషి ఊరెల్లిపోతే కుండలున్నా నీళ్లుండవు.

తంగేడుపువ్వు

స్టోర్ అసిస్టెంట్ దగ్గర ఒక్కటే తాళం. రెండోది చేయించి గేటు వాచ్‌మన్ దగ్గర పెట్టిస్తాను, రిజిస్టర్‌లో సంతకంతో. మీటింగు బుధవారం. ఖర్చు ఇలా రాస్తున్నాను: సబ్ మీటరు, 8 ఫ్యాన్లు, మెష్ తొట్లు మూడు, వానగొట్టాలు, డ్రమ్ములు, బూట్లు, గోతుల కూలీ, కుండలు. జేసీబీ లేదు. ఒకటి మాత్రం తేలలేదు, గడ్డి ఎప్పుడు కోయించాలి? మార్చిలో కోయిస్తామని కాంట్రాక్టరు అంటున్నాడు.

ఎర్రముక్కుతీతువు

మార్చి వద్దు. తీతువు అప్పటికే గుడ్లు పెట్టడం మొదలెడుతుంది, గూడంటూ కట్టదు, నాలుగు రాళ్ల మధ్య మట్టిరంగు గుడ్లు. కొడవలి వాడికి కనబడవు. డిసెంబరులో, గడ్డి గింజ రాలాక, సగం స్థలమే కోయించండి. మిగతా సగం వచ్చే డిసెంబరుకి.